ముందు సంచి తూచండి, తర్వాత బూట్లు కొనండి

అందరికీ నమస్కారం. వీపున సంచి వేసుకుని నాలుగైదు రోజుల నడకకు మొదటిసారి బయలుదేరబోతున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారని విన్నాను. అందుకే ఈ సాయంత్రం రెండు వస్తువుల గురించే ఎక్కువసేపు మాట్లాడతాను. ఒకటి కాలికి వేసుకునేది, రెండోది వీపున వేసుకునేది. మిగతావాటిని మధ్యమధ్యలో తడుముతూ పోదాం.

కొత్తగా నడకకు వచ్చేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "ఏ కంపెనీ బూట్లు కొనమంటారు?" దానికి నేను సమాధానం చెప్పను. "మీ సంచి ఎన్ని కిలోలు?" అని తిరిగి అడుగుతాను. బూట్ల గురించి అడిగితే సంచి ఊసు ఎందుకని చాలామంది ఆశ్చర్యపోతారు. కానీ ఈ రెండూ ఒకే లెక్క. సంచి బరువెక్కితే గట్టి బూటు కావాలి. గట్టి బూటు వేసుకుంటే కాలు త్వరగా అలసిపోతుంది. అలసిపోతే దూరం తగ్గుతుంది, రోజులు పెరుగుతాయి. రోజులు పెరిగితే మోయాల్సిన తిండి పెరుగుతుంది, సంచి ఇంకా బరువెక్కుతుంది. అదే లెక్కను అవతలి కొసనుంచి మొదలుపెట్టి, సంచిలోంచి మూడు కిలోలు తీసేశారనుకోండి, అన్నీ ఒకదాని వెంట ఒకటి తేలికవుతాయి.

కాలి మీద పడే బరువుకూ వీపు మీద పడే బరువుకూ తేడా ఉంది. కాలికి తగిలించిన ఒక కిలో, వీపున మోసే నాలుగు నుంచి ఆరు కిలోలంత శక్తిని తినేస్తుందని శరీర శ్రమను కొలిచిన పరిశోధకులు లెక్కగట్టారు. కారణం తేలికగానే అర్థమవుతుంది. వీపున ఉన్న బరువు మనతోపాటు దాదాపు ఒకే వేగంతో సాగిపోతుంది. పాదం అలా కాదు. ప్రతి అడుగులోనూ దాన్ని నేలమీంచి లేపాలి, ముందుకు విసరాలి, మళ్లీ ఆపాలి. రోజుకు 15 కిలోమీటర్లు నడిస్తే ఒక్కో కాలు సుమారు 10,000 సార్లు లేస్తుంది. బూటు 200 గ్రాములు ఎక్కువ బరువుందంటే, ఆ రోజు ఒక్కో కాలు రెండు టన్నులు అదనంగా ఎత్తిందన్న మాట. దుకాణంలో బూటును చేతిలో పట్టుకుని చూస్తే ఆ 200 గ్రాములు తెలియనే తెలియవు. మూడోరోజు మధ్యాహ్నం తొడలకు తెలుస్తాయి.

1955లో అమెరికాలో ఎమా గేట్‌వుడ్ అనే ఆవిడ అప్పలేచియన్ ట్రైల్ అనే పొడవైన కొండదారి మొత్తం ఒంటరిగా నడిచారు. అప్పటికి ఆమెకు 67 ఏళ్లు. పదకొండుమంది పిల్లల తల్లి, మనవలున్న అమ్మమ్మ. దారి సుమారు 3,300 కిలోమీటర్లు. కాళ్లకు మామూలు కాన్వాస్ షూ. భుజాన తానే కుట్టుకున్న మందపాటి బట్ట సంచి. గుడారం లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. ఒక దుప్పటి, వానకు అడ్డంగా స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర. దారి పొడుగునా షూ జతలు అరిగిపోతే కొత్తవి మార్చుకుంటూ వెళ్లారు. 1957లో మళ్లీ అదే దారి నడిచారు. ఆమెలా వెళ్లమని మీకు చెప్పడం లేదు. చలిలో, వానలో గుడారం లేకుండా ఉండడం ప్రమాదం. నేను ఆమె నుంచి తీసుకున్నది ఒక్కటే. సంచి అంత తేలిగ్గా ఉంది కాబట్టే ఆ కాన్వాస్ షూ సరిపోయాయి. అవే షూ వేసుకుని వీపున 20 కిలోలు మోసి ఉంటే అరికాళ్లు ఆమెను అంత దూరం వెళ్లనిచ్చేవి కావు.

కాబట్టి నా కొలత ఇది. నీళ్లతో, తిండితో కలిపి సంచి 10, 12 కిలోల లోపు ఉండి, నడిచేది కాలిబాట అయితే, చీలమండ కిందే ఆగిపోయే తేలికపాటి ట్రైల్ షూ చాలు. సంచి 15 కిలోలు దాటినా, దారి లేని రాళ్లగుట్టల మీద, మంచు మీద నడవాల్సి వచ్చినా, అడుగు గట్టిగా ఉండే బూట్లు కావాలి. గట్టి అడుగు రాయి మొనను అరికాలి దాకా రానివ్వదు, బరువును పాదమంతా పరుస్తుంది. చీలమండను కప్పే ఎత్తు బూటు వేసుకుంటే కాలు మెలిక పడదని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకానికి దొరికిన ఆధారం అంత గట్టిది కాదు. చీలమండను నిలబెట్టేది ముఖ్యంగా దాని చుట్టూ ఉన్న కండరాలు. బయలుదేరడానికి నెల ముందు నుంచి రోజూ పళ్లు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడడం అలవాటు చేసుకోండి. ఆ పని ఏ బూటూ చేసిపెట్టదు.

ఇక కొనడం. ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం, ఎందుకంటే పొరపాట్లన్నీ జరిగేది ఇక్కడే.

కొత్త చెప్పు కరుస్తుంది, నాలుగు రోజులు వేసుకుంటే అదే సర్దుకుంటుంది అంటారు. మందపాటి తోలు బూట్ల విషయంలో అది నిజం. సింథటిక్ బట్టతో, నురుగు అట్టతో తయారయ్యే ఇప్పటి బూట్లు అంతగా సర్దుకోవు. దుకాణంలో ఎక్కడ నొక్కిందో కొండమీద కూడా అక్కడే నొక్కుతుంది, ఇంకా గట్టిగా నొక్కుతుంది. అందుకని సాయంత్రం పూట వెళ్లండి. పగలంతా తిరిగిన పాదం పొద్దున ఉన్న పాదం కంటే ఉబ్బి ఉంటుంది. సంచి మోస్తూ రోజంతా నడిస్తే ఇంకా ఉబ్బుతుంది. నడకలో వేసుకోబోయే మేజోళ్లే వేసుకుని వెళ్లండి.

బూటు చేతికి రాగానే కాలు పెట్టకండి. ముందు లోపలి అట్టను బయటికి లాగండి, అది ఊడి వస్తుంది. దాన్ని నేలమీద పెట్టి, మడమను వెనక అంచుకు ఆనించి, దానిమీద నిలబడండి. బరువంతా ఆ కాలి మీదే వేయండి. ఇప్పుడు వంగి చూడండి. అన్నిటికంటే పొడవైన వేలి ముందు ఒక బొటనవేలి వెడల్పు ఖాళీ మిగలాలి. కొందరికి పొడవైనది బొటనవేలు కాదు, దాని పక్క వేలు. చిటికెనవేలి వైపు పాదం అట్ట దాటి బయటికి ఒలికిందంటే ఆ బూటు మీకు ఇరుకు. ఎంత నచ్చినా, ఎంత తగ్గింపు ఇచ్చినా పక్కన పెట్టేయండి. రెండో కాలితోనూ ఇదే చేయండి. చాలామందికి రెండు పాదాలూ సమానంగా ఉండవు. పెద్ద పాదానికి సరిపోయేది తీసుకోవాలి.

1920ల్లో చార్లెస్ బ్రానక్ అనే అమెరికన్ లోహంతో పాదాల కొలత పరికరం ఒకటి తయారుచేశాడు. అది పొడవు, వెడల్పుతోపాటు మూడో కొలత కూడా చెబుతుంది. అది మడమ నుంచి బొటనవేలి మొదలు దగ్గరి కీలు దాకా ఉన్న దూరం. నాకు దాన్లో నచ్చింది ఈ మూడో కొలతే. పాదం వంగేది ఆ కీలు దగ్గర. బూటు కూడా సరిగ్గా అక్కడే వంగాలి. పాదం ఒకచోట, బూటు ఇంకోచోట వంగితే వేళ్ల మీద మడత పడి, అడుగడుగునా అక్కడే కోస్తుంది. పరికరం లేకపోయినా ఫర్వాలేదు. బూటు వేసుకుని మునివేళ్ల మీద లేవండి. మడత ఎక్కడ పడుతోందో మీకే తెలుస్తుంది.

తర్వాత దుకాణంలో వాలుపలక ఉంటే దానిమీద, లేకపోతే మెట్లమీద, దిగుతున్నట్టు నిలబడి ముందుకు గట్టిగా తట్టండి. వేళ్లు బూటు ముందు గోడకు తగిలితే ఆ కొలత వద్దు. ఎక్కేటప్పుడు మనకు ఊపిరి కష్టం. దిగేటప్పుడు కష్టమంతా వేళ్లదే. వేలిగోళ్లు నల్లబడి ఊడిపోయేది దిగుడులోనే. ఇక మడమ. నడుస్తుంటే మడమ లోపల కొద్దిగా కదిలితే పరవాలేదు. వేలు దూరేంత లేస్తుంటే మాత్రం పొక్కు ఖాయం. ఈ పరీక్షలన్నీ వీపున బరువున్న సంచితో చేయాలి. దుకాణంవాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఇంటి నుంచే సంచి నింపుకుని వెళ్లండి.

పొక్కు గురించి ఇంకా చెప్పాలి. చర్మం పైన ఒరుసుకుపోవడం వల్ల పొక్కు వస్తుందని అనుకుంటాం. అసలు జరిగేది లోపల. చర్మం పై పొర మేజోటికి అతుక్కుని కదలకుండా ఉంటుంది. లోపలి ఎముక మాత్రం ప్రతి అడుగుకూ ముందుకూ వెనక్కూ కదులుతుంది. మధ్యలో ఉన్న పొరలు సాగి, సాగి, చివరికి విడిపోతాయి. ఆ ఖాళీలోకి నీరు చేరుతుంది. చర్మం తడిగా ఉంటే అతుకు ఇంకా ఎక్కువ. అందుకే నూలు మేజోళ్లు వద్దంటాను. నూలు చెమటను పీల్చి, తనలోనే ఉంచుకుంటుంది. మెరీనో అనే మెత్తటి గొర్రె ఉన్నివి, లేదా సింథటిక్‌వి వేసుకోండి. పొక్కులు తరచుగా వచ్చేవాళ్లు పలచటి మేజోళ్లు లోపల, మందమైనవి పైన వేసుకుంటే, ఆ రాపిడి చర్మానికి బదులు రెండు మేజోళ్ల మధ్య జరిగిపోతుంది.

ఒకసారి మా బృందంలో ఒక కుర్రవాడు ఉండేవాడు. మొదటి గంటలోనే మడమ దగ్గర వెచ్చగా అనిపించిందట. ముందున్నవాళ్లను ఆపడం ఎందుకని ఊరుకున్నాడు. మధ్యాహ్నం బూటు విప్పితే మేజోటి మడమ తడిసి, గులాబీ రంగుకు తిరిగి ఉంది. మేజోడు తీస్తుంటే దాంతోపాటు బొటనవేలి గోరంత చర్మం లేచి వచ్చింది. కింద ఎర్రగా, తడిగా మెరుస్తోంది. గాలి తగిలితేనే అతను పెదవి కొరుక్కున్నాడు. మరునాడు మేం ముగ్గురం అతనితో కలిసి వెనక్కి దిగిపోయాం. అతనికి నడక ఆగిపోయినందుకు కాదు, నోరు తెరిచి అడగలేకపోయినందుకే నాకు ఇప్పటికీ బాధ. అప్పటినుంచి నేను తీసుకెళ్లే ప్రతి బృందంతోనూ బయలుదేరిన అరగంటకు ఒకసారి అందరినీ ఆపి, "ఎక్కడైనా వెచ్చగా ఉందా?" అని అడుగుతాను. వెచ్చదనం తెలిసిన ఆ నిమిషంలోనే కూర్చుని, చర్మం తుడిచి, పూర్తిగా ఆరాక, వైద్యానికి వాడే అంటుపట్టీ వేయండి. పట్టీ మూలలు కత్తెరతో గుండ్రంగా కత్తిరించండి. కోసుగా ఉన్న మూల మేజోటికి తగిలి ముడుచుకుపోతుంది. గుండ్రటి మూల సాయంత్రం దాకా నిలుస్తుంది. ఇదంతా చేయడానికి పట్టేది ఐదు నిమిషాలు.

బూటు అడుగు సంగతి. 1935లో ఇటలీలోని పుంటా రాసికా అనే శిఖరం మీద ఆరుగురు పర్వతారోహకులు చనిపోయారు. ఆ రోజుల్లో మేకులు కొట్టిన బరువైన బూట్లతో కొండ దాకా నడిచి, రాతి మీద ఎక్కడానికి పలచటి జోళ్లలోకి మారేవాళ్లు. వాతావరణం మారిపోయి, మంచు కురిసిందంటే ఆ పలచటి జోళ్లు పట్టూ ఇవ్వవు, చలినీ ఆపవు. అప్పుడు వాళ్లతో వెళ్లిన విటాలే బ్రమానీ, రాతి మీదా మంచు మీదా పనికొచ్చే ఒకే అడుగు కోసం ప్రయత్నించాడు. టైర్లు చేసే పిరెల్లీ సాయంతో 1937లో లోతైన గాట్లున్న రబ్బరు అడుగును తయారుచేశాడు. ఆ అడుగులు తయారుచేసే కంపెనీకి వైబ్రమ్ అన్న పేరు అతని పేరు నుంచే పుట్టింది. 1954లో కే2 శిఖరాన్ని మొదటిసారి ఎక్కిన ఇటలీ బృందం ఆ అడుగున్న బూట్లే వేసుకుంది. ఇప్పుడు ఏ బూటు తిప్పి చూసినా కనిపించే ఆ గాట్ల వెనక ఆరు ప్రాణాలున్నాయి. కొనేటప్పుడు ఒక్కసారి తిప్పి చూడండి. బురదలో నడిచేవాళ్లకు గాట్లు లోతుగా, ఎడంగా ఉండాలి. లేకపోతే మట్టి ఇరుక్కుని అడుగు నున్నగా తయారవుతుంది. తడి రాళ్ల మీద నడిచేవాళ్లకు మెత్తటి రబ్బరు కావాలి. గోటితో నొక్కితే కొంచెం దిగాలి. మెత్తనిది త్వరగా అరుగుతుంది. ఆ నష్టం భరించదగినదే.

ఇక్కడ నాకు జరిగినది చెబుతాను. ఏడేళ్ల కిందట కొని, రెండుసార్లు మాత్రమే వేసుకుని, అల్మారాలో జాగ్రత్తగా దాచిన బూట్ల జత ఒకటి ఉండేది. చూడ్డానికి కొత్తవే. వాటితో బయలుదేరాను. రెండోరోజు పొద్దున ఎడమ బూటు అడుగు ముందు నుంచి నోరు తెరిచింది. గంట తర్వాత కుడిది మడమ దగ్గర ఊడింది. వేలు పెట్టి చూస్తే లోపలి నురుగు పాత రొట్టెలా పొడిపొడిగా రాలింది. గుడారం తాడు ముక్కలతో కట్టుకుని, 11 కిలోమీటర్లు దిగాను. తర్వాత తెలిసింది కారణం. చాలా బూట్లలో అడుగుకూ పై భాగానికీ మధ్య ఉండేది పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ నురుగు. గాలిలోని తేమ దాన్ని కొద్దికొద్దిగా విరగ్గొడుతుంది. వాడకుండా పెట్టెలో పెట్టినా అది ఆగదు. పాత బూట్లు ఉన్నవాళ్లు బయలుదేరేముందు రెండు చేతులతో వంచి, పక్కలను గట్టిగా నొక్కి, పగుళ్లు కనిపిస్తాయేమో చూడండి. తర్వాత రెండు, మూడు గంటలు బరువుతో నడవండి. ఊడేది ఊరి దగ్గరే ఊడాలి.

"నీళ్లు చొరబడని బూట్లు కొనాలా?" అని ముందు వరుసలో ఒకరు అడుగుతున్నారు. మంచి ప్రశ్న. బాబ్ గోర్ అనే అమెరికన్ 1969లో ఒక రకం ప్లాస్టిక్‌ను సాగదీసి కనిపెట్టిన పలచటి పొరతో ఈ బూట్ల కథ మొదలైంది. దాని రంధ్రాలు నీటి బొట్టు దూరలేనంత చిన్నవి, చెమట ఆవిరి దూరగలిగినంత పెద్దవి. చలిలో, మంచులో, తడి గడ్డిలో ఇవి చాలా మేలు చేస్తాయి. కానీ వాగు దాటినప్పుడు నీళ్లు పైనుంచి లోపలికి వస్తాయి. అప్పుడు బయటి నీటిని ఆపిన ఆ పొరే లోపలి నీటిని కూడా బయటికి పోనివ్వదు. ఒకసారి తడిస్తే రెండు రోజులు ఆరవు. ఇంకో సంగతి, ఆవిరి బయటికి పోవాలంటే బయటికంటే లోపల వేడీ తేమా ఎక్కువ ఉండాలి. ఉక్కపోసే వాతావరణంలో అది జరగదు, పాదం చెమటలో నానుతుంది. అందుకని వేడి ప్రదేశాలకూ, వాగులు ఎక్కువగా దాటే దారులకూ జాలీ బట్టతో చేసిన షూ తీసుకోమంటాను. అవి తడుస్తాయి, నడుస్తుండగానే ఆరిపోతాయి. రాత్రి వేసుకోవడానికి మాత్రం ఒక పొడి మేజోళ్ల జతను విడిగా కట్టి ఉంచండి, పగలు ఎంత అవసరమొచ్చినా దాన్ని ముట్టుకోకండి.

సంచి విషయంలో అందరూ చేసే పొరపాటు దాన్ని ముందే కొనడం. 70 లీటర్ల సంచి ఇంట్లో ఉంటే 70 లీటర్ల సామాను దానంతటదే పుట్టుకొస్తుంది. ఖాళీ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. తీసుకెళ్లాలనుకున్నవన్నీ ముందు నేలమీద పరచండి. వంటింటి త్రాసుమీద ఒక్కొక్కటీ తూచి కాగితం మీద రాయండి. గుడారం, స్లీపింగ్ బ్యాగు, సంచి, ఈ మూడింటిలోనే బరువు ఎక్కువగా దాక్కుని ఉంటుంది. గ్రాములు తగ్గించాలంటే అక్కడ మొదలుపెట్టాలి. బ్రష్షు పిడి విరిచి రెండు గ్రాములు మిగుల్చుకుని, మూడున్నర కిలోల గుడారం మోసేవాళ్లను చూశాను. తలకు కట్టే దీపం, ఈల, ప్రథమ చికిత్స సామాను, వాన కోటు, నీళ్లు శుద్ధిచేసుకునే సాధనం, వీటిలో మాత్రం కోత పెట్టకండి. నిద్ర విషయంలో ఒక్కమాట. శరీరం కింద నలిగిన స్లీపింగ్ బ్యాగు చలిని ఆపలేదు, ఎందుకంటే వెచ్చదనం ఇచ్చేది దాన్లో నిలిచిన గాలే. నేల చలిని ఆపేది కింద పరిచే చాప. బ్యాగు మీద ఖర్చుపెట్టి చాపను తీసిపారేస్తే రాత్రంతా వణుకుతూనే ఉంటారు.

అన్నీ తూచి, పేర్చాక, ఎన్ని లీటర్లు కావాలో తెలుస్తుంది. అప్పుడు సంచి కొనండి. మీ ఎత్తును బట్టి కాదు, వీపు పొడవును బట్టి. తల వంచితే మెడ అడుగున పొడుచుకొచ్చే ఎముక ఒకటి చేతికి తగులుతుంది. అక్కడి నుంచి తుంటి ఎముకల పై అంచు దాకా ఉన్న దూరమే మీ కొలత. ఆరడుగుల మనిషికి పొట్టి వీపు ఉండవచ్చు. బరువులో ఎక్కువ భాగం భుజాల మీద కాదు, తుంటి మీద కూర్చోవాలి. 1950ల్లో అమెరికాలో డిక్ కెల్టీ తన సంచులతో ఈ నడుము పట్టీ పద్ధతిని జనంలోకి తెచ్చాడు. వేసుకునేటప్పుడు వరుస గుర్తుంచుకోండి. ముందు నడుము పట్టీని తుంటి ఎముకల మీదుగా బిగించాలి, తర్వాతే భుజం పట్టీలు. చాలామంది తలకిందులుగా చేసి, గంటలో మెడ పట్టేసిందంటారు. బరువైనవి వీపుకు ఆనుకుని, భుజాల ఎముకల మధ్య ఎత్తులో ఉండాలి. సంచి పైన కప్పే వాన తొడుగును నేను అంతగా నమ్మను. గాలికి ఎగిరిపోతుంది, వీపు వైపు నుంచి నీరు దిగుతుంది. లోపల ఒక పెద్ద గట్టి ప్లాస్టిక్ సంచి పరిచి, సామానంతా దాన్లో పెట్టి, మూతిని మెలిపెట్టండి.

ఇంకో ప్రశ్న వచ్చింది. "చేతికర్రలు అవసరమా, అవి వయసు మళ్లినవాళ్లకు కదా?" కాదు. దిగుడులో మోకాళ్ల మీద పడే బరువును అవి తగ్గిస్తాయని కొలిచి చూపించారు. మోకాళ్లు నొప్పి పుట్టకముందు నుంచే వాడాలి. దిగేటప్పుడు కర్రను కొంచెం పొడుగు చేసుకోండి.

వేలిగోళ్లు నల్లబడకుండా ఏం చేయాలని అడిగినవారికి మూడు పనులు. బయలుదేరడానికి రెండు రోజుల ముందు గోళ్లు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. ముందు రోజు కత్తిరిస్తే అంచులు పదునుగా ఉండి, పక్క వేలిని కోస్తాయి. దిగుడు మొదలయ్యే చోట ఆగి, లేసులు మళ్లీ కట్టుకోండి. అన్నిటికంటే పై రంధ్రంలోంచి లేసును అదే వైపు లోపలికి దూర్చి, చిన్న ఉచ్చులా చేసి, అవతలి లేసును ఆ ఉచ్చులోంచి లాగి బిగిస్తే మడమ వెనక్కి అతుక్కుంటుంది, వేళ్లు ముందుకు జారవు. మూడోది, కొలత చాలకపోతే ఏ ముడీ కాపాడదు. బూటు మార్చుకోవడమే.

ఈ ముడి మాటల్లో చెబితే అర్థం కాదు, చూపిస్తాను. ఇప్పుడు అందరూ మీరు వేసుకొచ్చిన షూ విప్పండి. లోపలి అట్టలు బయటికి లాగి, నేలమీద పెట్టి, వాటిమీద నిలబడండి. నేను ఈ మూల నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కరి దగ్గరికీ వస్తాను.